పెళ్లి చెంచాలు

పొగమంచులో టగ్గు కూస్తుంది, బార్జి కూయదు. మా వైపు పిల్లలకి ఈత నేర్పకముందే ఈ మాట నేర్పుతారు. టగ్గు అంటే లాగే ఓడ, అది ముందు పోతుంది. దాని వెనక పావుమైలు దూరంలో, ఇనుప మోకు చివర, మనిషన్నవాడు లేని బార్జి వస్తుంటుంది. మధ్యలో మోకు నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి అక్కడ ఏమీ లేనట్టే కనిపిస్తుంది. టగ్గు దాటిపోయింది కదా అని ఆ ఖాళీలోకి పడవ తిప్పినవాళ్ల పేర్లు మా రేవు ఊరు పీటర్స్‌బర్గ్‌లో చర్చి గోడ మీద ఉన్నాయి. చిన్నప్పుడు ఆదివారాలు ఆ పేర్లు చదువుకుంటూ ప్రార్థన ఎప్పుడైపోతుందా అని చూసేదాన్ని.

అందుకే టగ్గు ఒక పొడుగు కూత, వెంటనే రెండు పొట్టి కూతలు కూస్తుంది. నా వెనక ఒకటి వస్తోంది, జాగ్రత్త అని. ఒక్క పొడుగు కూతే అయితే వెనకేమీ లేని మామూలు ఓడ.

ఇన్ని తెలిసినా ఆ పొద్దున నా ధ్యాసంతా చెంచాల మీదే ఉంది.

అవి సియాటిల్‌లో ఉండే మా మేనత్త పెళ్లికి పంపిన కానుక. నీలం ముఖమల్ పెట్టెలో డజను వెండిపూత చెంచాలు. ఒక్కో దానిలో బాతుగుడ్డు కూర్చోబెట్టొచ్చు. మా కాపురమేమో పడవలో. అందులో రెండు కప్పులు, ఒక మూకుడు, ఒక మనిషికని చేసిన ఒక మంచం. మంచం గురించి మాత్రం మాకే ఫిర్యాదూ లేదు.

"వీటితో సూపు తాగాలా? పడవలో నీళ్లు తోడొచ్చు కదే," అన్నాడు మా ఆయన ఐవర్.

"చేపలు పట్టొచ్చు," అన్నాను.

తమాషాకే అన్నాను. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సాయంత్రానికల్లా ఆరు చెంచాల కాడలు తెగిపడ్డాయి. చెక్కదిమ్మ మీద పెట్టి సుత్తితో ఒక్కోదాన్ని ఒక్కో రకంగా వంచాను. ఐవర్ చివర్లకి బెజ్జాలు వేసి, రింగులు తొడిగి గాలాలు తగిలించాడు. కాలేజీలో నాలుగేళ్లు వృక్షశాస్త్రం చదివినదాన్ని, ఏ ఆకునీ అంత మురిపెంగా చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే చాథమ్ జలసంధిలో, రాతి అంచు వెంట పడవని నెమ్మదిగా నడుపుతూ వాటిని పరీక్షించాం. ముందు పడవ పక్కనే, పొట్టి తాడు కట్టి. మొదటిది బొంగరంలా తిరిగింది. "తాడంతా మెలిపెట్టేస్తుంది, తియ్," అన్నాడు ఐవర్. రెండోది కదలకుండా శవంలా ఈడ్చుకొచ్చింది. మూడోది మాత్రం, బాగా తాగినవాడు ఏమీ తాగనట్టు నడవాలని చూస్తే ఎలా ఉంటుందో అలా ఈదింది. కాస్త తూలి, సర్దుకుని, మళ్లీ తూలి. తాడు నా వేళ్ల మధ్య టక్, టక్ మని కొట్టుకుంది.

"ఇదీ దెబ్బతిన్న చిన్న చేప నడక," అని ఐవర్ నా బుగ్గ మీద ముద్దుపెట్టాడు. అతని గడ్డానికి మంచు నీళ్లు, నా బుగ్గకి సుత్తి మసి. మిగతా మూడింటినీ బొటనవేలితో అటు ఇటు వంచి అలాగే తూలేలా చేశాం.

ఇక నీళ్లలోకి దించడమే. మా పడవకి రెండు పక్కలా రెండు పొడుగాటి గెడలు. ఒక్కో గెడ నుంచి ఒక ఇనుప తీగ సముద్రంలోకి దిగుతుంది. చేప తగిలితే మోగడానికి గెడ మీద ఒక గంట. తీగ చివర సీసపు గుండు, దానికి పైన ఎరలు. గుండుని కావాలనే సన్నటి దారంతో కడతారు. అడుగున రాళ్లలో చిక్కుకుంటే దారం తెగి గుండొక్కటే పోతుంది, తీగ పడవని పట్టి ఉంచదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా నాన్న బడిపంతులు, చేపలవాడు కాదు. నేను మా చెంచాలు భద్రంగా ఉండాలని ఆ రెండు గుండ్లకీ దారాన్ని నాలుగు పేటలుగా పేని, కళ్లు చెదిరే ముడులు వేశాను.

ఐవర్ ఆ ముడులు చూశాడు. నన్ను చూశాడు. "చక్కగా ఉన్నాయి," అన్నాడు. మధ్యాహ్నం నేను చూడనప్పుడు మార్చేద్దామనుకున్నాడట. ఆ మాట నాకు చెప్పలేదు కానీ, రేడియోలో హాల్వర్ పెదనాన్నకి చెప్పేశాడు.

హాల్వర్ పెదనాన్న ఐవర్ నాన్నకి అన్న, కాబట్టి నాకూ పెదనాన్నే. ఆయన పడవ మాకు ఉత్తరాన నాలుగు మైళ్ల దూరంలో ఉంది. ఆయన నోరు మాత్రం ఎప్పుడూ మా పడవలోనే ఉంటుంది.

"ఏరా ఐవర్! నాలుగు పేటల దారమా? రాయికి తగులుకుంటే గుండు తెగదురా వెర్రినాగన్నా, నీ పడవ తెగుతుంది."

"పెళ్లాం ముడి పెదనాన్నా. విప్పడానికి చేతులు రాలేదు."

"అమ్మాయ్ మారిట్, చెంచాలు సరే, ఫోర్కులు కూడా వెయ్యి. మా చేపలు మర్యాదగా తింటాయి. ఒళ్లో వేసుకోడానికి రుమాలు మరిచిపోకు."

దక్షిణాన ఎవరో, ఇంకెవరో, వరసపెట్టి రేడియోలో నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఐవర్ తనూ నవ్వుతూనే చెయ్యి చాపి రేడియో గొంతు నొక్కేశాడు.

అది చాలా చిన్న పని. ఒక గుండ్రటి మీటని ఎడమకి తిప్పడం.

కాసేపటికి కుడి గెడ మీద గంట మోగింది. పడవ వెనక భాగంలో ఉన్న గుంటలో నిలబడి ఐవర్ తీగ చుట్టాడు. నా చెంచా నోట్లో పెట్టుకుని, కొత్త నాణెంలా మెరుస్తూ సాల్మన్ చేప పైకి వచ్చింది. నేను చుక్కాని గదిలో గెంతాను, తల పైకప్పుకి కొట్టుకుంది, అయినా గెంతాను. చెంచా మళ్లీ దించాడు. మళ్లీ గంట. మేం గెడలనే చూస్తున్నాం. తలెత్తేసరికి కొండలు లేవు. ఒడ్డు లేదు. పొగమంచు మా చుట్టూ మూతలా దిగింది. గెడల చివర్లు కూడా ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి.

"గుడారం బేకి పోదామా?" అన్నాను. పొగమంచు పడితే పడవలన్నీ ఆ ఒడ్డు వంపులోకే చేరతాయి.

"ఇంకొక్క చుట్టు, మారిట్. రెండు గంటలూ మోగుతున్నాయి!"

అప్పుడు వినిపించింది. ముందు, ఎడమ వైపు నుంచి, ఒక పొడుగు కూత. గదిలో కప్పులు సన్నగా అదిరాయి. ఆ వెంటనే రెండు పొట్టివి. కిటికీ తెరిచి తల బయట పెట్టాను. పెద్దదేదో మా ముందునుంచి కుడికి పోతోంది. నీళ్ల కదలిక వచ్చి పడవని కిందనుంచి మెల్లగా ఎత్తి దింపింది.

"విన్నావా?" అని వెనక్కి అరిచాను.

"విన్నా! ప్రయాణికుల ఓడ. దాటిపోయిందిలే. ఇలాగే నేరుగా పోనీ."

"ఒక కూత కాదు ఐవర్. పొడుగు తర్వాత రెండు పొట్టివి."

"కొండ తల్లీ అది, కొండ! ఇక్కడ తుమ్మినా మూడుసార్లు వినిపిస్తుంది."

"నీ చెవి పక్కన గంటలు మోగుతుంటే నీకేం వినపడుతుంది?"

"నా పెళ్లాం గొప్పతనం వినపడుతోంది!"

నాకు నవ్వు రాలేదు. పొడుగు కూతకి ప్రతిధ్వని పొడుగ్గానే ఉండాలి కదా, పొట్టిగా ఎందుకుంటుంది? మళ్లీ కూస్తే తేలిపోతుంది. కానీ మళ్లీ కూసేదాకా బార్జి ఆగదు. అది టగ్గే అయితే మేం ఇప్పుడు నేరుగా ఆ ఖాళీలోకి పోతున్నాం. నా కాళ్ల కింద ఇంజను దడదడలాడుతోంది. ఆ మోతలో ఇంకేమీ వినిపించదు. వినాలంటే ఇంజను ఆపాలి. ఆపితే పడవ నిలిచిపోతుంది, తీగలు నిట్టనిలువుగా జారి, గుండ్లు వెళ్లి రాళ్లలో కూర్చుంటాయి. పైగా మా ఇంజనుకి అలకెక్కువ. వేడి మీద ఆపితే ఓ పట్టాన మళ్లీ కదలదు. చేపలున్న తీగలు నీళ్లలో ఉండగా ఇంజను ఆపేవాడు మా తీరంలో లేడు. ఓడ ఢీకొంటుందన్నా ఆపరు.

చర్చి గోడ మీద పేర్లు గుర్తొచ్చాయి. నేను ఇంజను ఆపేశాను.

"ఏం చేశావ్!" ఐవర్ అరిచాడు. పెళ్లయ్యాక నా మీద అరవడం అదే మొదలు. "పిచ్చిదానా, గుండ్లు అడుక్కి పోతున్నాయి!"

"ష్," అన్నాను.

నిశ్శబ్దం. గంటలు కూడా ఆగాయి. గెడ నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. ఆ తర్వాత, ఎడమ వైపు, వాగు పారుతున్న చప్పుడు. వానాకాలం రాళ్ల మీద నుంచి దూకే వాగు. నడి సముద్రంలో వాగు ఎక్కడుంటుంది?

ఐవర్ తల ఎడమకి తిప్పాడు. అతనూ విన్నాడు.

అప్పుడే మా ముందు, రెండు పడవల దూరంలో, నీళ్లు గీత గీసినట్టు చీలాయి. ఆ గీతలోంచి మోకు పైకి లేచింది. నా మణికట్టంత లావు, నల్లగా, నాచు వేలాడుతూ, నీళ్లు కారుస్తూ. చప్పుడు లేకుండా లేచి, బిగుసుకుని, మళ్లీ నిదానంగా మునిగింది.

పోటు వెనకనుంచి మమ్మల్ని దాని మీదికే నెడుతోంది. మీట నొక్కాను. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ నొక్కాను. ఈసారి దగ్గు కూడా లేదు. ఏడుస్తూ దాన్ని బతిమాలాను, పేరు పెట్టి పిలిచాను, తన్నాను.

పడవ ఒక్క కుదుపుతో ఆగింది. రెండు గెడలూ విల్లుల్లా వెనక్కి వంగాయి. గుండ్లు అడుగున రాళ్లలో ఇరుక్కున్నాయి.

"చిక్కుకున్నాం! కోసేస్తున్నా," అంటూ ఐవర్ తీగలు కోసే కత్తెర అందుకున్నాడు. అది అతని చేతులకి పుట్టుకతో వచ్చిన అలవాటు. తీగ ఇరుక్కుంటే వదిలించుకోవాలి.

ముందు మోకు. వెనక పోటు. మధ్యలో మమ్మల్ని పట్టుకున్నవి ఆ రెండు తీగలే.

"కొయ్యకు!" అని అరిచాను. "ఐవర్, కొయ్యకు! అవే మనల్ని ఆపుతున్నాయి!"

కత్తెర తీగ మీద ఉంది. అతను ముందుకి చూశాడు, నీళ్లకేసి చూశాడు, కత్తెర కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరం చెయ్యగలిగిందేమీ లేదు. నేను పాకుతూ వెనక గుంటలోకి వెళ్లి అతని నడుం పట్టుకున్నాను. తీగలు సన్నగా, ఏడుపులా పాడుతున్నాయి. అతని గుండె నా చెవికి ఎంత గట్టిగా కొట్టుకుందంటే, అది ఇంజనేమో అనుకున్నాను ఒక్క క్షణం.

పొగమంచు చీకటైంది. ఎక్కడినుంచో నీడ పడినట్టు. ఆ చీకటిలోంచి తుప్పుపట్టిన గోడ వచ్చింది. రెండంతస్తుల ఇంటి ఎత్తు, మొద్దు ముక్కు, దాని కింద తెల్లగా మరుగుతున్న నీళ్లు. అంచు మీద ఒక సముద్రకాకి కూర్చుని ఉంది. మా వైపు చూసింది. నాకు ఆ పక్షి మీద ఎందుకో చెప్పలేనంత కోపం వచ్చింది.

కుడి తీగ టప్పున తెగింది. కొరడాలా గాలిలో ఈల వేసి మా తలల మీదుగా పోయింది. పడవ ఎడమ తీగ మీద గిర్రున తిరిగి ముందుకి జారింది. ఐవర్ నా తలని తన కోటులోకి అదిమేశాడు. "చూడకు, చూడకు," అంటున్నాడు, తను మాత్రం చూస్తూ. నేను మాత్రం మనసులో ఒకే ఒక్క ముడిని పట్టుకుని ఉన్నాను. నాలుగు పేటలు. రెండు చుట్లు. చివర ఒక లాగుడు.

గోడ పోతూనే ఉంది. తడి ఇనుము వాసన. చెయ్యి చాపితే తగిలేలా అనిపించింది. ఐవర్ తర్వాత, అంత దగ్గరేం కాదన్నాడు, కానీ ఎంత దూరమో చెప్పలేదు. చివరికి గోడ అయిపోయింది. దాని వెనక అల వచ్చి పడవని ఒక పక్కకి వంచేసింది. కప్పులు రెండూ పగిలాయి. అప్పుడు తెగింది రెండో తీగ, తన పని అయిపోయినట్టు.

తెల్లటి పొగమంచు. చదునైన నీళ్లు. దూరంగా ఒక పొడుగు కూత, రెండు పొట్టివి.

ఐవర్ గుంటలో కూర్చుండిపోయాడు. "అరిచాను కదా నీ మీద," అన్నాడు. ఇంకేదో అనబోయి, నా చేతులు తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు.

ఇంజను కదిలే దాకా ఏం చెయ్యాలో తోచక చుక్కాని గదిలోకి వెళ్లాను. అప్పుడు కనిపించింది రేడియో. మీట పట్టుకుని కుడికి తిప్పాను.

"... మారిట్. ఐవర్. టగ్గు నన్ను దాటి మీ వైపు వస్తోంది, వెనక బార్జి ఉంది. జవాబివ్వండి. మారిట్. ఐవర్." ఆగి, మళ్లీ మొదలు. హాల్వర్ పెదనాన్న గొంతే. కానీ అది గీరుకుపోయి, ఊపిరి మాత్రమే మిగిలినట్టుంది. ఎప్పటినుంచి పిలుస్తున్నాడో. మధ్యమధ్య ఇంకే పడవా నోరెత్తడం లేదు. అందరూ వింటున్నారు. "నాన్నా ఐవర్. అమ్మాయ్. ఇంక ఏమీ అనను. ఒక్కసారి మాట్లాడండి."

మైకు తీశాను. వేళ్లు బిగుసుకుపోయి మీట నొక్కలేకపోయాను. ఐవర్ వెనకనుంచి వచ్చి నా చేతి మీద తన చెయ్యి వేసి నొక్కాడు.

"పెదనాన్నా," అన్నాను. "ఉన్నాం. ఇద్దరం ఉన్నాం." ఇంకా ఏం చెప్పాలో తెలియక, "చెంచాలు పనిచేశాయి," అన్నాను.

అటునుంచి గరగర. ఎవరో ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"అయితే," అన్నాడు పెదనాన్న చివరికి, "మీ అత్తని... గరిటెలు కూడా పంపమను."

ఎవరూ నవ్వలేదు. ఐవర్ రేడియో మీట పట్టుకుని, ఇంక తిరగదన్నంత దాకా కుడికి తిప్పాడు.