ఆఖరి బండికి పదకొండు గంటల స్లాటు

ఉప్పుగూడ స్టేషన్ వెనక బస్తీలో ఎవరు పోయినా, ఏడుపు గల్లీ దాటకముందే రాజన్నకు ఫోన్ వచ్చేది. బస్తీ కమిటీ వాళ్లు చందాలు పోగుచేసి కొన్న తెల్ల వ్యాను ఒకటుంది. దాని రెండు పక్కలా ‘అంతిమయాత్ర వాహనం’ అని నీలం అక్షరాలతో రాయించారు గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. అందరికీ అది ఆఖరి బండి. శ్మశానానికైనా, క్రైస్తవుల సమాధుల తోటకైనా, ఖబ్రస్తాన్‌కైనా అదే బండి, అదే డ్రైవరు.

రాజన్న ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపి రిటైరైనవాడు. ఈ బండి తోలినందుకు ఒక్క రూపాయి తీసుకోడు. పొద్దున లేచి స్నానం చేసి హనుమంతుడికి దీపం పెట్టడం ఎట్లాగో, ఇదీ అట్లాగే అనుకుంటాడు. ఫోన్ ఎత్తగానే అతను అడిగే మొదటి మాట, “ఎవలు బిడ్డా?” అని. పేరు విన్నాక కాసేపు ఆగుతాడు. “అయ్యో” అంటాడు. ఆ తర్వాతే టైమూ, దారీ.

బండికి తొమ్మిదేళ్లు దాటాయి. అంత పాతబడిన బండికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఆ కాగితం లేకుండా రోడ్డెక్కరాదు. ఎక్కి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటారు. గడువు దాటితే రోజుకింత అని లేటు ఫీజు కూడా. పోయినేడు వరసగా చావులు వచ్చి రాజన్నకు తీరిక దొరకలేదు, ఇరవై రెండు రోజులు ఆలస్యమైంది. కమిటీ మీటింగులో అధ్యక్షుడు అందరి ముందూ, “ఆర్టీసీల గూడ గిట్లనే నడిపినవా రాజన్నా?” అన్నాడు. నలుగురు నవ్వారు. రాజన్న కూడా నవ్వాడు. ఆ మాట మాత్రం ఏడాదంతా అతను మరిచిపోలేదు.

అందుకే ఈసారి ముందుగానే ఇంటర్‌నెట్ సెంటరు తౌఫీఖ్ దగ్గరికి పోయాడు. వాడు కంప్యూటరులో వెతికి వెతికి తల గోక్కున్నాడు.

“చాచా, మునుపటి ఆర్టీఏ గ్రౌండుల ఇప్పుడు బండ్లు చూస్తలేరు. మెషిన్ల సెంటర్‌కే పోవాలె, రింగు రోడ్డు దాటినంక. బేస్తారం గ్యారా బజే ఒక్కటే స్లాటు ఖాళీ ఉంది. అది పోతే మళ్ల పద్దెన్మిది రోజులు ఆగాలె.”

“నా గడువు శుక్రారంతోని ఖతం రా.”

“మరి బేస్తారం పక్కా పోవాలె చాచా.”

ఫీజు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజుల ముందే బస్సెక్కి ఆ సెంటరు ఎక్కడుందో చూసి రావడానికి పోయాడు. మ్యాపులో చూపించిన చోట పెళ్లిళ్ల ఫంక్షన్ హాలుంది. దాని వాచ్‌మన్ రోజూ పది మందికి దారి చెప్పి విసిగిపోయినట్టున్నాడు, నోరు విప్పకుండా వెనక సందు వైపు చెయ్యి చూపించాడు. రాజన్న ఇంటికొచ్చి బండికి కొత్త రిఫ్లెక్టర్ టేపులు అంటించాడు, వెనక లైటు బల్బు మార్చాడు, వైపర్లు తుడిచాడు. శవం పడుకునే స్ట్రెచర్‌ను కడిగి ఎండబెట్టాడు. పరీక్ష చేసేవాళ్లు అది చూడరని తెలిసినా చేశాడు.

గురువారం పదిన్నరకే సెంటరు ముందున్నాడు. పదకొండు గంటల స్లాటు అన్నారు గానీ, లోపల బ్రేకులు పరీక్షించే మెషిన్ నెమ్మదిగా నడుస్తోంది. పన్నెండు దాటాక కూడా అతని ముందు రెండు బండ్లు ఉన్నాయి. వెనక నీళ్ల ట్యాంకరు. దాని డ్రైవరు పాన్ నములుతూ దిగి వచ్చాడు.

“పెద్దాయనా, నీ బండి వెనుక నిలవడ్డనని తెలిస్తే మా ఇంటిది ఇయ్యాల లోపలికి రానియ్యదు.”

“అయితే ముందట నిలవడు. నేనే నీ వెనుకంగ వస్త.”

“అమ్మో, అది ఇంక ఘోరం.”

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. రాజన్న కూడా నవ్వుతుండగానే ఫోన్ మోగింది. ఆ నవ్వుతోనే ఎత్తాడు.

“ఆఖరి బండి తాతనా?” ఆడపిల్ల గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. “తాతా, మూడు గంటలకు బండి గావాలె.”

అదే సమయంలో లోపలి నుంచి నీలం చొక్కా కుర్రవాడు బండి ముందుకు తెమ్మని చెయ్యి ఊపాడు.

“బండి ఖరాబైందమ్మా,” అన్నాడు రాజన్న. “వేరేది చూసుకోండ్రి.”

“అది గాదు తాతా, మా...”

రాజన్న ఫోన్ పెట్టేశాడు.

పరీక్ష ఉందని చెప్పవచ్చు. కాని చావు ముందు పరీక్ష అనే మాట ఎట్లా చెప్పాలి? చెబితే, అయ్యాకనే రమ్మంటారు. అప్పుడు గడియారం చూసుకుంటూ నిలబడాలి, కుర్రవాణ్ణి బతిమాలాలి. లేదా వరస వదిలి పోయి, మళ్లీ కమిటీ వాళ్ల నవ్వు వినాలి. ఖరాబైందంటే ఇక మాటే లేదు. ఇదంతా అతను ఆలోచించి అన్నది కాదు. నోటికి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు, అంతే.

బండి పాసైంది. బ్రేకులు, లైట్లు, పొగ, హారను అన్నీ సరిగ్గా ఉన్నాయి. “తొమ్మిదేళ్ల బండి లెక్క కనిపిస్తలేదు అంకుల్,” అన్నాడు కుర్రవాడు. రాజన్న ఛాతీ ఉబ్బింది. కాగితం చేతికి వచ్చేసరికి ఒకటీ ఇరవై.

చాంద్రాయణగుట్ట దగ్గరికి వచ్చేసరికి రెండు కొట్టింది. నేరుగా పోతే రెండున్నర లోపే బస్తీలో ఉంటాడు. అప్పుడు తట్టింది అతనికి. ఖరాబైన బండి దానంతట అది నడుచుకుంటూ బస్తీలోకి ఎట్లా వస్తుంది?

రోడ్డు పక్క లారీలు ఆగి ఉన్నాయి. వాటి మధ్యలోకి బండిని తిప్పి ఆపాడు. ఎదురుగా చాయ్ హోటలు. అందులో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మూడు చాయ్‌లు తాగాడు. ఐదు గంటల దాకా అక్కడే ఉన్నాడు. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేయలేదు. ఎవరు పోయారో తెలుసుకుంటే లేవాల్సి వస్తుందని అతనికి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి భార్య స్వరూప తలస్నానం చేసి, తడి జుట్టుతో గడప మీద కూర్చుని ఉంది.

“మాణిక్యక్క పోయింది,” అంది. “రాత్రి నిద్రలనే. మూడు గంటలకు సమాధుల తోటకు తీస్కపోయిండ్రు.”

రాజన్న చెప్పులు విప్పబోతూ అట్లాగే నిలబడిపోయాడు.

మాణిక్యమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం ప్రార్థన ఎన్నడూ తప్పేది కాదు. బస్తీలో ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా, ఏ మతమని చూడకుండా, కావాలన్నవాళ్ల ఇంటికి పోయి స్నానం చేయించి, దువ్వి, చీర కట్టేది ఆమే. పని అయ్యాక బండెక్కి రాజన్న పక్క సీట్లో కూర్చునేది. అతను ఈ బండి తోలుతున్న నాలుగేళ్లలో ఎన్నిసార్లు కూర్చుందో లెక్క లేదు. “తమ్మీ, నా వంతు వచ్చినప్పుడు గీ సీట్ల కూసొనియ్యవు గద,” అని నవ్వేది. గుంతల్లో బండి కుదిపితే వెనక్కి తిరిగి, శవానికి తగిలిందేమోనన్నట్టు చూసేది.

“ట్రాలీ ఆటోల వేస్కపోయిండ్రు,” అంది స్వరూప. “పెట్టె పట్టలేదు. మూరెడు బయటికి వచ్చింది. రాడ్లు తీస్కపోయేటప్పుడు కడ్తరు గద, గట్ల పెట్టె కొసకు ఎర్ర గుడ్డ గట్టిండు ఆ ట్రాలాయన, పోలీసోళ్లు ఆపుతరని. కొడుకు వెస్లీ పెట్టెను రెండు చేతులతోని పట్టుకొని వెనుక నడుచుకుంట పోయిండు. జారుతదని భయం.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మన్మరాలు ప్రీతి నీకు ఫోన్ జేసిందట. బండి ఎక్కడ ఆగింది? పరీక్షకు పోయే తొవ్వలనేనా?”

“ఊఁ,” అన్నాడు రాజన్న.

“పాపం, నువ్వు గూడ ఎండల ఎంత తిప్పలు వడ్డవో. అన్నం వెడ్త రా.”

అతను తినలేదు. మరునాడు మాణిక్యమ్మ ఇంటికి పోలేదు. స్వరూప చేత కూరా అన్నం పంపించాడు. ఆమె తిరిగి వచ్చి, బండి దారిలో ఆగిపోయిందని వాళ్లకు చెప్పానంది. వాళ్లు అర్థం చేసుకున్నారంది.

శనివారం పొద్దున హనుమంతుడి గుడికి పోయాడు. దేవుడి ముందు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. దేవుడి ముందు నిలబడడం కష్టం కాలేదు. అదే అతనికి వింతగా తోచింది. అన్నీ తెలిసినవాడి ముందు ఇంత సులువుగా ఎట్లా నిలబడగలిగాడు? ఏమీ తెలియని ఇద్దరు మనుషుల గడప తొక్కడానికి ఎందుకు కాళ్లు రావడం లేదు?

నుదుట సిందూరంతో తిరిగి వచ్చేసరికి ఆఖరి బండి పక్కన వెస్లీ నిలబడి ఉన్నాడు. మాణిక్యమ్మ కొడుకు అతను. ఫలక్‌నుమాలో ఆటోలూ వ్యాన్లూ బాగు చేస్తాడు. కాళ్ల దగ్గర పనిముట్లున్న పాన పెట్టె ఉంది.

“మామా, బండి జూద్దామని వచ్చిన,” అన్నాడు. “సాయంత్రం ఇంట్ల మూడో దినం ప్రార్థన ఉంది. అంతల అయిపోతదని.”

“ఇయ్యాల ఎందుకు వెస్లీ? ఇంట్ల అంత పని వెట్టుకొని...”

“మా అమ్మ పోయిన తీరు పోయింది. ఇంకొకలకు గట్ల గావొద్దు.” బానెట్ తెరిచాడు. “ఏం తక్లీఫ్ ఇచ్చింది?”

 “స్టార్ట్ గాలే,” అన్నాడు రాజన్న.

వెస్లీ తాళం తిప్పాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంజన్ చప్పుడు ఇద్దరూ విన్నారు.

“అయితుంది గద.”

“అప్పుడప్పుడు... అయితది.”

“గట్లాంటిదే చానా ఖరాబు. ఎప్పుడు మోసం జేస్తదో తెల్వదు.” బండిని ఆపి, నేల మీద గోనె పరుచుకుని బండి కిందికి పోయాడు. “సెల్ఫ్ మోటరే ఉంటది. టార్చి గొట్టు మామా.”

రాజన్న వంగి టార్చి పట్టుకున్నాడు. వెస్లీ బోల్టులు విప్పాడు, మోటరు దింపాడు, లోపల బ్రష్షులు చూశాడు. అవి బాగానే ఉన్నాయి. అయినా జేబులోంచి కొత్తవి తీసి వేశాడు. నల్ల నూనె చుక్క ఒకటి అతని చెంప మీద పడింది. దాన్ని భుజానికి రాసుకుని తుడుచుకున్నాడు.

“మామా, టార్చి ఇటు గొట్టు.”

“ఆఁ.”

“నిన్న మా చర్చి సంఘపోళ్లతోని మాట్లాడిన,” కింది నుంచే అన్నాడు వెస్లీ. “బండి ఆగవట్టి నీ ఫిట్‌నెస్ గడువు దాటింది గద. లేటు ఫీజు మేమే కడ్తం. అమ్మ పేరు మీద. పోయినసారి కమిటీల నిన్ను అన్నరట, అమ్మ చెప్పింది. బాధపడ్డది అప్పుడు.”

రాజన్న టార్చి ఆర్పేశాడు.

“మామా?”

“లేటు ఫీజు లేదు వెస్లీ. ఫిట్‌నెస్ అయిపోయింది.”

“ఎప్పుడు అయింది?”

బండి కింద అతని ముఖం కనిపించడం లేదు. నూనె మరకల అరచేయి ఒకటి మాత్రం వెలుతురులోకి చాచి ఉంది, పాన కోసం.

“బేస్తారం,” అన్నాడు రాజన్న. “ఒకటీ ఇరవైకి.”

ఆ చెయ్యి లోపలికి పోయింది.

రాజన్న నేల మీద కూర్చున్నాడు. మెట్టు మెట్టుగా చెప్పాడు. వరసలో నిలబడ్డ సంగతి, ఫోన్ సంగతి, లారీల మధ్య బండి దాచిన సంగతి, మూడు చాయ్‌ల సంగతి. ఏదీ తగ్గించలేదు. తగ్గించాలని రెండు మూడు చోట్ల అనిపించింది, అక్కడ ఆగి మళ్లీ చెప్పాడు.  అంతా చెప్పాక కింది నుంచి బోల్టు బిగుస్తున్న శబ్దం వచ్చింది. ఒకటి, రెండు, మూడు. విప్పినవన్నీ బిగించాకే వెస్లీ బయటికి వచ్చాడు.

చేతులు తుడుచుకున్నాడు. రాజన్న ముఖం వంక చూడలేదు.

“అమ్మ పెట్టె పట్టుకొని నడుస్తుంటే నీ మీద జాలేసింది మామా. గాయన బండి ఉంటే గిట్ల కానిచ్చెటోడు గాదు అనుకున్న.”

రాజన్న తల దించుకున్నాడు. 

“నాకు జెప్పినవు. ఫోన్ జేసింది నేను గాదు, ప్రీతి,” అన్నాడు వెస్లీ. పాన పెట్టె ఎత్తుకుని నడిచాడు.

రాజన్న అతని వెనక నడిచాడు. రెండు గల్లీలే దూరం. దారిలో కిరాణా కొట్టు సక్కుబాయి, “ఏంది రాజన్నా, బండి అయిందా?” అని పలకరించింది. అతను వినిపించనట్టు పోలేక ఆగాడు. “అయింది సక్కుబాయీ,” అని, అదీ అబద్ధమేనని గుర్తొచ్చి, మరింత తల వంచుకుని కదిలాడు.

మాణిక్యమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. కింద చాప మీద నలుగురు ఆడవాళ్లు సాయంత్రం వంటకు బియ్యం ఏరుతున్నారు. ప్రీతి వాళ్ల మధ్య కూర్చుని ఉంది. పదిహేడేళ్ల పిల్ల. రాజన్నను చూసి, చేతుల్లోని బియ్యం చేటలో వదిలి లేచి నిలబడింది.

“తాతా, బండి మంచిగైందా?”

“బండి మంచిగనే ఉండె బిడ్డా,” అన్నాడు రాజన్న. “బేస్తారం గూడ మంచిగనే ఉండె. నేనే రాలే.”

బియ్యం ఏరే చేతులు ఆగాయి. ప్రీతి తండ్రి వైపు చూసింది. వెస్లీ పాన పెట్టె గోడ వారగా పెట్టి, వాళ్లకు వీపు తిప్పి నిలబడ్డాడు.

“నువ్వు ఎవలని అడుగలే తాతా,” అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, ఇంకా అర్థం కానట్టుంది. “నేను నానమ్మ అని జెప్పబోయిన. వినకముందే పెట్టేసినవ్.”

“వింటే రావాల్సొస్తదని వినలే.”

ప్రీతి మళ్లీ కూర్చుంది. చేట దగ్గరికి లాక్కుని, ఒక రాయి ఏరి పక్కన వేసింది. కాసేపటికి మిగతావాళ్ల చేతులు కూడా కదిలాయి. అతన్ని కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు. రాజన్న ఎండలో, షామియానా అంచు దగ్గరే నిలబడి ఉన్నాడు.