వేలెడు సందు

నేను ఒక గడ్డపారను. అయిదడుగుల ఇనుప కడ్డీని. నా ఒక కొన గుండ్రంగా, రెండో కొన ఉలిలా పలచగా ఉంటుంది. ‘ఉంటుంది’ అని అలవాటు కొద్దీ అన్నాను. ఆ పలచటి కొన పన్నెండేళ్లుగా బండ కిందే ఉంది. ఎలా ఉందో నాకే తెలియదు.

బేతంచెర్ల దగ్గర మౌనాచారి కొలిమిలో పుట్టాను. కాల్చాడు, కొట్టాడు, నీళ్లలో ముంచాడు. “వంగొద్దు, ఇరగొద్దు” అని చెప్పి పంపాడు. తాము చేయలేని పనిని ఇనుముకు చెప్పడం మనుషులకు చాలా తేలిక.

నన్ను కొనుక్కున్నది నాగముని. నాపరాళ్ల గనిలో అతనూ భార్య సుంకమ్మా జంటగా పనిచేసేవారు. అతను నా కొనను బండ కింద దూర్చేవాడు, ఆమె నా కింద ఊతరాయి పెట్టేది. నా గొప్పంతా ఆ చిన్న రాయిదే. అది బండకు దగ్గరగా ఉంటే నా పొడవంతా మనిషి పక్షాన నిలబడుతుంది. బక్కమనిషి కూడా బండను లేపుతాడు. ఊరికే మాత్రం కాదు. చేయి మూరెడు దిగితే బండ వేలెడే లేస్తుంది. బలం తగ్గించుకున్నవాడు దూరం పోవలసిందే. ఇంత నిజాయితీ ఉన్న బేరాన్ని నేను మరొకటి చూడలేదు.

ఏడాదికి ఒక్కరోజు మాకు సెలవు. ఆయుధపూజ నాడు సుత్తులూ ఉలులూ నేనూ కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని, పసుపుదారంతో ఒక్క కట్టగా గని గట్టున అమ్మవారి పటం ముందు పడుకునేవాళ్లం. మర్నాటిదాకా మమ్మల్ని ఎవరూ ముట్టకూడదు. ఏడాది పొడుగునా నెత్తిన బాది, ఒక్కపూట దండం పెట్టి సరిపెట్టేయడం మనుషులకు బాగా వచ్చిన విద్య.

పన్నెండేళ్ల క్రితం అలాగే పూజయ్యాక నాగముని గనిలోకి దిగాడు, ముందురోజు కదిలించిన బండకు కూడా బొట్టు పెడదామని. రాత్రి వానకు దాని కింద మట్టి కరిగిపోయిందని చూసుకోలేదు. బండ ఒరిగి అతని కుడిపాదాన్ని పట్టేసింది.

తోటి కూలీలు ఆరుగురు దిగి చేతులు వేశారు. బండ కదల్లేదు. కింద మట్టి మాత్రం ఇంకా జారుతూనే ఉంది. ఇలాగే జారితే పాదం తర్వాత మోకాలు, ఆ తర్వాత మనిషి.

“గడ్డపార తెస్తా” అంది సుంకమ్మ.

“పూజకు కట్టిన పనిముట్టు ఇప్పితే ఏడాదంతా కీడు మే” అన్నాడు మేస్త్రీ ఓబులేసు. “జేసీబీకి ఫోన్ చేసినాం, వస్తాది.”

“అది వచ్చేలోపల నా మొగుడు యాడుంటాడు మామా? అమ్మోరికి నేను జెప్పుకుంటాలే!”

పరుగున వచ్చి దారం విప్పబోయింది. పొద్దున దాన్ని మూడు ముడులు వేసి బిగించింది ఆమే. గోళ్లతో ఎంత లాగినా ఒక్క ముడీ రాలేదు. గనిలోంచి భర్త అరుపు వినబడుతోంది. చివరికి పళ్లతో కొరికి తెంపింది.

ఓబులేసు నన్ను బండ కింద దూర్చి, నాగముని కాలికి తగులుతుందన్న భయంతో ఊతరాయిని దూరంగా పెట్టాడు. ముగ్గురు నా మీద పడి నొక్కారు. నేను వంగబోయానే గాని బండ లేవలేదు.

“అంత దూరం పెడితే ఎట్ల లేస్తాది మామా?” కిందనుంచి నాగముని పళ్లు బిగించి అన్నాడు. “నా కాలికాడికి నూకు.”

“తగుల్తాది రా!”

“తగల్నీ. సుంకీ, నువ్వు పెట్టు.”

ఆమె ఊతరాయిని అతని మడమ పక్కకు నెట్టి, వచ్చి నా చివర వేలాడింది. ఆమె ఒక్కతే. బండ వేలెడు లేచింది. నాగమునిని లాగేశారు. రెండు కాలివేళ్లు పోయాయి, కాలు దక్కింది.

ఆమె చేతులు వదిలింది. బండ నా మీద కూర్చుంది.

ఆ ప్రమాదం తర్వాత యజమాని గనిని వదిలేశాడు. నన్ను తీయాలంటే ఇంకో గడ్డపార కావాలి, అంత తొందర ఉన్న మనిషీ కావాలి. ఎవరూ రాలేదు. రాకపోవడమే మంచిదేమో. ఎండకు కాగి, వానకు తుప్పుపట్టి, ఆ వేలెడు సందును పట్టుకుని ఉన్నాను. అందులో ఒక బల్లి కాపురముంటోంది. నేను మోస్తున్న బరువు కింద ఒక ప్రాణి హాయిగా నిద్రపోతోంది.

ఏటా ఆయుధపూజకు వాళ్లిద్దరూ వస్తారు. అతను కుంటుతూ దిగుతాడు. బయటికి పొడుచుకొచ్చిన నా మొండిని సుంకమ్మ కడిగి, బొట్టు పెట్టి, పసుపుదారం చుడుతుంది. ఒక్కటే ముడి, అదీ వదులుగా.

“గట్టిగా కట్టు మే, గాలికి పోతాది” అంటాడు నాగముని.

“ఉండనీలే” అంటుంది ఆమె. “ఎవరికన్నా అక్కరబడితే చప్పున ఊడిరావాల గదా.”