జాషువా మాస్టారి గ్రహశకలాలు

రొయ్యలు ఒలుస్తున్న కృపారాణి బుర్రలో రాళ్ళు తిరుగుతున్నాయి. అంతరిక్షంలో గ్రహశకలాలు, వాటి మధ్యనుంచి తప్పించుకుపోయే చిన్న నౌక. రెండు రాళ్ళు ఢీకొంటే పగలాలి; ఇవేమో ఒకదానిలోంచి ఒకటి దూరిపోతున్నాయి. తప్పెక్కడుందో చటుక్కున తట్టింది. చెయ్యి కడుక్కుని కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తబోతే, “పిల్లికి పెడదామనా అమ్మాయ్, అలా వదిలేసి పోతున్నావు?” అంది అత్తగారు దేవకుమారి. కృపారాణి మళ్ళీ కూర్చుని, తట్టిన ఆలోచన జారిపోకుండా మిగతావన్నీ ఒలిచింది.

ఆ ప్రోగ్రాం స్కూలు పిల్లల పోటీకి. పిల్లలే స్వయంగా చేయాలని నిబంధన. భర్త జాషువా రావులపాలెంలో ఓ ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ మాస్టారు. పోటీలో పేరు తొమ్మిదో తరగతి రమ్యశ్రీది, గైడు జాషువా, చాకిరీ కృపారాణిది. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఆమెది ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే. “ఇద్దరం బయట తిరిగితే అమ్మనెవరు చూస్తారు?” అన్న ఒక్క మాటతో మాన్పించాడు. ఆయన నోట ఎప్పుడూ ‘చేయించాను’ తరహా మాటలే. ‘క్రిస్మస్‌కి మా ఆవిడ చేత పాడించాను’, ‘పిల్లల చేత ప్రాజెక్టు చేయిస్తున్నాను’. ఇల్లు కట్టించానంటే మేస్త్రి ఒకడున్నాడని ఊరికి తెలుస్తుంది. ప్రాజెక్టు చేయించానంటే మాత్రం ఎవరు చేశారని అడిగిన నాథుడు లేడు. అయినా ఆమెకి సిగ్గులేని సంతోషం. కూర ఉడుకుతుండగా తన బుర్ర ఇన్నేళ్ళకి తనకోసం పనిచేస్తోంది.

సాయంత్రం రమ్యశ్రీ పెన్‌డ్రైవ్‌తో వచ్చింది. “ఆంటీ, మీరు చెప్పినట్టు స్కూల్లో నేనూ ఒకటి చేశానండి.” కాసిని రాళ్ళు, ఓ నౌక. గుద్దుకుంటే ఆగిపోతుంది, అంతే. వంకరటింకరగా ఉన్నా ప్రతి లైనూ పిల్లదే.

జాషువా నవ్వాడు. “ఇదెవరు చూస్తారమ్మా? ఆంటీ చేసింది పంపుదాం. జడ్జీలు అడిగితే ‘నేనే చేశాను’ అని చెప్పు. కృపా, ఈ పిల్లచేత జవాబులు బట్టీ పట్టించి, ఇవాళే పంపించెయ్. ప్రైజు వస్తే నాకు వైస్ ప్రిన్సిపాల్ ఖాయం.” అని ప్రార్థన కూటానికి వెళ్ళిపోయాడు.

రమ్యశ్రీ బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం కృపారాణికి బాగా తెలుసు. రాజీనామా రాసిన రోజు తనూ అలాగే ఊపింది.

తన ప్రోగ్రాం తెరిచింది. తప్పు మధ్యాహ్నమే సరిదిద్దింది. రాళ్ళు ఢీకొంటున్నాయి, పగులుతున్నాయి, ముక్కలు మళ్ళీ తిరుగుతున్నాయి. ఎంత బాగున్నాయో! కళ్ళు తుడుచుకుని మొత్తం చెరిపేసింది. “నువ్వు చేసిందే పంపు” అంది.

“ఓడిపోతానేమోనండీ.”

“పోతే పోనీ. అడిగినవాటికి జవాబు నీకే తెలిసుంటుంది.”

తిరిగొచ్చి సంగతి విన్న జాషువా కంచం విసిరికొట్టాడు. “రేపు కరస్పాండెంట్ గారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“నా కొడుకు నోటి దగ్గర కూడు లాగేశావు కదే!” అంది అత్తగారు.

కృపారాణి నేలమీది మెతుకులు ఎత్తడానికి వంగలేదు. ఆయన మీదమీదకొచ్చాడు. “నీకింత తెగువ ఎక్కడిది? చెప్పు, నీచేత ఎవరు చేయించారు ఈ పని?”

“ఎవరూ చేయించలేదండి” అంది. “నేనే చేశాను.”