పాండురంగయ్య జెల్ల

పాండురంగయ్య రబ్బరు గొట్టం నోట పెట్టి పీల్చాడు. అడుగు నీళ్లు నోటిదాకా రాకముందే గొట్టాన్ని బకెట్లోకి వంచడం అతనికి అలవాటే. ఇవాళ ధ్యాస లేక ఒక గుక్క లోపలికి పోయింది. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, మళ్లీ గాజుతొట్టె మీదికి వంగాడు.

జెల్ల ఇంకా పైపైనే తిరుగుతోంది.

జెల్లంటే అడుగున బతికే చేప. పగలంతా ఏ రాయి చాటునో నక్కి, దీపాలు పెట్టే వేళకి మీసాలతో ఇసుక తడుముకుంటూ బయల్దేరుతుంది. అలాంటిది నిన్నట్నుంచి పైకొచ్చి నోరు తెరుస్తోంది, గిరుక్కున తిరిగి గాజుకి మూతి గుద్దుకుంటోంది.

"నీళ్లు మార్చాను. బ్లీచింగ్ వాసన పోయిందాకా నిలవుంచే పోశాను. గాలి మోటారు ఆడుతూనే ఉంది. మరి దీనికేం వచ్చింది?"

"మీరొచ్చారు," అంది వంటింట్లోంచి బాలత్రిపురసుందరి. "పామర్రులో మా అన్నయ్య పులుసుకని తెచ్చినదాన్ని చెంబులో వేసుకొచ్చారు. పొద్దస్తమానం అలా గుచ్చిగుచ్చి చూస్తే మనుషులకే ఊపిరాడదు."

ఆ రోజు బావమరిది ముల్లు విరవబోతే ఇది కిర్రుమని అరిచింది. చేప నోరున్న జీవమని పాండురంగయ్య అంతవరకూ ఎరగడు. మిగతావాటి పులుసు అందరూ తిన్నారు, అతను దీన్నేసిన చెంబు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

కిటికీ వెలుగుకి బెదురుతోందని మొన్న తను పనిచేసే చీరల కొట్టునుంచి ముదురాకుపచ్చ గుడ్డ ఒకటి తెచ్చి తొట్టె మీద కప్పాడు. ఇంకా ఎక్కడో వెలుగు పడుతోందన్నమాట. నీళ్లకోసం తీసిన గుడ్డని మళ్లీ కప్పి, చుట్టూ తాడు బిగించాడు. ఒక కొస జారి నీళ్లలో మునిగింది. మునిగితే మునిగింది, చల్లగా ఉంటుందనుకున్నాడు.

"గుడ్డ తీయకేం," అన్నాడు చెప్పులేసుకుంటూ.

"తీయనులెండి మహానుభావా. దాని పరదా దానికుండనివ్వండి."

పటమటలో ఆటో ఎక్కినవాడు కొట్టు దగ్గర దిగిందాకా వేళ్లు విరుచుకుంటూనే ఉన్నాడు. పెడనలో తండ్రి మగ్గం మీద బతుకంతా నేశాడు. కొడుకు బెజవాడ వచ్చి, ఎవరో నేసినవి పరుపు మీద విప్పి చూపిస్తూ జుట్టు నెరిపించుకున్నాడు. వచ్చినవాళ్లు అంచు చూస్తారు, కొంగు చూస్తారు. విప్పినవాడి మొహం చూసినవాళ్లు లేరు. జెల్ల ఒక్కటే అతని చేతిని ఎరుగును. నీళ్లలో వేళ్లు పెడితే రాతి చాటునుంచి వచ్చి, ఒక్కో వేలినీ మీసాలతో తడిమి, ఇతనేనని తేల్చుకుని వెళుతుంది.

ఆషాఢం డిస్కౌంట్లు. గోడౌన్ నుంచి పాత మూటలన్నీ దించారు. జనం మీద జనం. ఒక చీర మడిచీ మడవకముందే ఇంకోటి విప్పుతూ, సందు దొరగ్గానే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, ఈదుతోంది. ఉద్యోగానికి వెళుతుందా?" ఆమె నవ్వి, అంతలోనే గొంతు తగ్గించింది. "చప్పుడు చేస్తోందండీ. టపటపా కొట్టుకుంటోంది. గుడ్డ తీసి చూడనా?"

"వద్దు వద్దు! వెలుగు పడితే ఇంకా బెదిరిపోతుంది."

మధ్యాహ్నం దాటాక కంకిపాడు నుంచి అత్తాకోడళ్లొచ్చారు. అత్తగారు చీర చేతిలోకి తీసుకుని ముక్కు చిట్లించింది.

"ఏంటండీ ఈ వాసన! కళ్లు మండిపోతున్నాయి."

"కలరా ఉండలమ్మా. ఒక్క ఎండలో ఆరేస్తే..."

వేలసార్లు అన్న మాట. ఇవాళ సగంలో ఆగిపోయింది. ఆ ఆకుపచ్చ గుడ్డ కూడా ఈ మూటల్లోదే. చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఆ ముక్కు ఆ వాసనని పసిగట్టడం ఎప్పుడో మానేసింది. బ్లీచింగ్ చుక్క పడితే చాలు కనిపెట్టే ముక్కే అది.

ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. పరుపు దిగాడు.

"బాబాయ్, ఇప్పుడెక్కడికి?" గల్లాపెట్టె దగ్గర యజమాని కొడుకు సాత్విక్ లేచి నిలబడ్డాడు. "పెళ్లికి కూడా సెలవడగని మనిషివని నాన్నగారంటారు. ఆషాఢం ఆదివారమే దొరికిందా?"

"ఇంట్లో ఒకరికి ఊపిరాడట్లేదు బాబూ."

"అయ్యో, పిన్నిగారికా?"

పాండురంగయ్య అప్పటికే మెట్లు దిగిపోయాడు. అత్తాకోడళ్లు విప్పిన చీర అలాగే పరుపు మీద ఉంది. అతను చీర మడవకుండా పరుపు దిగడం కొట్టులో అంతవరకూ ఎవరూ చూడలేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. బాలత్రిపురసుందరి తొట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. గుడ్డ తీసి ఓ మూల పడేసింది. జెల్ల నీటిపైన పక్కకి ఒరిగి ఉంది. గాలి మోటారు బుడగలకి మీసాలు మాత్రం అటూఇటూ కదులుతున్నాయి. ఒక్క క్షణం అతనికి ఆశ కలిగింది. నీళ్లలో వేళ్లు పెట్టాడు. తడిమేవాళ్లు లేరు.

"మీరు వద్దన్నారని తీయలేదండీ. చప్పుడు ఆగింది, నిద్రపోయిందనుకున్నా. ఎందుకో మనసాగక తీసి చూస్తే..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫోన్ మోగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు."

"నీ తప్పు కాదు సుందరీ. ఆ గుడ్డ నేనే తెచ్చాను," అన్నాడు.

ఇద్దరూ కలిసి దాన్ని పెరట్లో మందార మొదట్లో కప్పెట్టి వచ్చారు. అతను సబ్బుతో చేతులు కడిగాడు, చింతపండుతో రుద్దాడు, మళ్లీ కడిగాడు. మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తెరిచాడు.

పెరుగు గిన్నె పక్కన అతను పెట్టని స్టీలు డబ్బా ఒకటి ఉంది. మూత తీశాడు. అందులో తలలు తీసి, ఒలిచి, జెల్ల నోటికి సరిపోయేలా సన్నగా తరిగిన పచ్చిరొయ్యలు.