గయ్యాళి నెమరు మానేసింది

గడ్డి కోసే మిషన్ బ్లేడు భర్త మళ్ళీ బిగించి వెళ్ళాడు. వేలెడంత ముక్కలుగా పడాల్సిన చొప్ప తవుడులా రాలుతోంది. ఆమె గంపలోంచి పిడికెడు తీసింది. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. నమలడానికి అందులో ఏమీ లేదు.

"ముక్క పెద్దదైతే ఆవు కాడలన్నీ గాడిలో వదిలేస్తోంది. సన్నగా కొడితే నోరు మూసుకుని తింటుంది" అన్నాడు పొద్దున.

ఎండలు ముదిరాక ఆవు మేత తగ్గించింది, పాలూ తగ్గాయి. ఎండాకాలంలో గడ్డి అరిగేటప్పుడు పశువు కడుపులో వేడి పుడుతుందని, గడ్డి కాస్త తగ్గించి దాణా కాస్త పెంచమని దాణా కొట్టాయన చెప్పాడట. మాటలో నిజం లేకపోలేదు. భర్త ఆ 'కాస్త'ను పక్కన పెట్టి గడ్డి సగం చేశాడు, దాణా రెట్టింపు చేశాడు. మొదట్లో పాలు పెరిగాయి. "చూశావా?" అన్నాడు. ఆ తర్వాత గయ్యాళి నెమరు మానేసింది.

ఆవుకు ఆ పేరు పెట్టింది అత్తగారు. కోడలు తప్ప ఎవరు పొదుగు ముట్టినా అది తన్నేది. "ఇంట్లో ఒక గయ్యాళి చాలదని మావాడు ఇంకోదాన్ని తోలుకొచ్చాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. వాళ్ళూ నవ్వేవాళ్ళు. కోడలూ నవ్వేది. నవ్వకపోతే ఆ పేరు తనకు ఖాయమైపోతుంది.

మధ్యాహ్నం అంట్లయ్యాక ఆమె పాకలో గుంజకు ఆనుకుని కూర్చునేది. ఆవు పడుకుని నెమరు వేసేది. గొంతులోకి ముద్ద రావడం, దవడలు అటూ ఇటూ ఆడటం, ముద్ద దిగడం, మళ్ళీ ఇంకోటి. ఆ కాసేపు ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు, లేదా పిలిచినా ఆమెకు వినపడేది కాదు. ఇప్పుడు ఆవు పడుకోవడం లేదు. మోర కిందికి వేలాడేసి రొప్పుతూ నిలబడుతోంది. పేడ నీళ్ళలా పడుతోంది. ఆమె రోజంతా కడుగుతోంది.

"ఏమండీ, అది నెమరు వెయ్యట్లేదు. కాస్త పొడుగు గడ్డి వేద్దామా?"

"డాక్టరీ ఎప్పుడు చదివావే?" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

పాలకేంద్రంలో కొలిస్తే పాలలో వెన్న శాతం పడిపోయింది. అక్కడ వెన్న ఒక్కటే చూస్తారు, నీళ్ళు కలిశాయా అన్నది వేరే పరీక్షించరు. పాలు కొలిచే ఆయన గొట్టం ఎత్తి చూపించి, "ఏం బావా, మీ ఆవు నీళ్ళు తాగుతోందా, పాలే తాగుతున్నాయా?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"పితికేది నేను కాదుగా. ఆవిణ్ణడుగు" అన్నాడు భర్త.

క్యాను పట్టుకుని ఆమె పక్కనే ఉంది. "చుక్క నీళ్ళు కలపలేదండీ" అంది. కొలిచే ఆయన తర్వాతి క్యాను అందుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి పాలు పితికేటప్పుడు అత్తగారు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటోంది. "అనుమానమని కాదే, రేపు ఎవరైనా ఏమైనా అంటే నేను చెప్పొద్దూ?" అంది.

పశువుల డాక్టరు వచ్చాడు.

"మేపేదెవరు?"

"నేనేనండీ" అన్నాడు భర్త.

"నెమరు వేస్తోందా?"

"ఎందుకు వెయ్యదండీ, శుభ్రంగా వేస్తోంది."

"లేదండీ" అంది ఆమె తొట్టి దగ్గర నుంచి.

"నువ్వెళ్ళి డాక్టరు గారికి మంచినీళ్ళు పట్రా."

ఆమె నీళ్ళు తెచ్చేసరికి డాక్టరు డొక్కలో పిడికిలి నొక్కి చూస్తున్నాడు. "దాణా తగ్గించండి. పొడుగు ఎండుగడ్డి పెట్టండి, అదీ చల్లపూట. ఇలాగే మేపితే పొట్ట పులిసి పడిపోతుంది. పడితే లేవదు" అన్నాడు. భర్త ప్రతి మాటకూ తల ఊపాడు. డాక్టరు బండి మలుపు తిరిగింది.

"ఆయనకేం, చెప్పి పోతాడు. దాణా మానితే ఇది పాలు మానేస్తుంది. కేంద్రానికి పాలు పోసినన్నాళ్ళూ దాణా తప్పదు."

సాయంత్రం ఆమె ఒక డబ్బా తగ్గించి పోసింది. "ఇంకోటి మర్చిపోయావ్" అంది అత్తగారు కుర్చీలోంచి. బ్లేడు వదులు చేద్దామంటే పానా ఆయన బండి డిక్కీలో ఉంది. గయ్యాళి దాణా మూతితో నెట్టి, ఆమె చీర కొంగు నోట్లోకి లాక్కుని నమలబోయింది. ఆమె లాక్కోలేదు. మొగుడికి చెప్పింది, డాక్టరుకు చెప్పింది, కేంద్రంలో చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప తనకేం చేతనవునో ఆమెకు తోచలేదు.

మర్నాడు గయ్యాళి మోకాళ్ళ మీద చాలాసేపు ఉండి లేచింది. పాలు చేపడానికీ మొరాయించింది. క్యాను సగమే నిండింది.

"ఇవాళా వెన్న అంతే చెల్లెమ్మా" అన్నాడు కొలిచే ఆయన. "పైనుంచి నన్ను తిడుతున్నారు. కలిపినట్టు తేలితే ఆ ఇంటి పాలు నెలపాటు తీసుకోవద్దన్నారు. నీకు తెలుసుగా?"

భర్త బయట బండి మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె క్యాను వంక చూసింది. పోయిన ఏడు ఇక్కడి యంత్రం పాడై పాలు తీసుకోనప్పుడు ఆయన ఆ పూటే దాణా బస్తా మూతి కట్టేశాడు. యంత్రం బాగయ్యేదాకా ఆవు వట్టి ఎండుగడ్డి తిని బతికింది.

"కలిపానండీ" అంది.

"ఏంటీ?"

"నీళ్ళు. రోజూ నేనే కలుపుతున్నాను."

వరసలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. భర్త బండి దిగి వచ్చాడు. కొలిచే ఆయన ఆమె క్యాను తీసి గోడ వారగా పెట్టాడు. ఎప్పుడు కలిపావని ఎవరూ అడగలేదు. పితికినంతసేపూ తన తల్లి ఎదురుగా కాపలా కూర్చుంటోందన్న సంగతి భర్తకు కూడా గుర్తు రాలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన మాటను ఎదురు ప్రశ్న లేకుండా అందరూ నమ్మడం అదే మొదలు.