రొట్టెల వరుసకు రాయి

సమర్‌కంద్‌లోని పెద్ద బజారులో పాత తారునేల తవ్వేసి రాళ్ళు పరుస్తున్నారు. అంతటా గ్రానైటే అని ఇంజనీరు ఫర్రుఖ్ ముందే తేల్చేశాడు. ఆడవాళ్ళు రొట్టెలు అమ్ముకునే వరుస ఒక్కటి మాత్రం రాళ్ళు పరిచే పెద్దమేస్త్రీ, ఉస్తా నెమత్‌కు వదిలాడు.

"అక్కడికి ఏ రాయి కావాలో నువ్వే చూసుకో ఉస్తా. ఆ చోటు సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలియదు."

తెలియకేం? నెమత్ భార్య ఖోసియత్ బతికినన్నాళ్ళూ ఆ వరుసలోనే రొట్టెలమ్మింది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. ఆమె పుట్టిల్లు గజ్‌గాన్, గులాబీరంగు చలవరాయి దొరికే కొండ ఊరు. "మా ఊరి రాయి మీద కూర్చుని అమ్మితే నా రొట్టెల ముందు ఎవరి రొట్టెలూ నిలవవు" అని వేళాకోళమాడేది. ఆమె పేరున చదివించవలసిన ఖురాన్ చదివించాడు, పెట్టవలసిన వాళ్ళకు అన్నం పెట్టాడు. అయినా ఆమె కూర్చున్న చోట ఆమె ఊరి రాయి పరవాలన్న కోరిక అతన్ని వదల్లేదు. ఇది ప్రేమా, పట్టుదలా అని నమాజు తర్వాత ఎన్నోసార్లు దేవుణ్ణే అడిగాడు. దేవుడు జవాబు చెప్పే తొందరలో లేడు.

గజ్‌గాన్ నుంచి పలకలు తెప్పించి, ఒక మూలన నాలుగు వరుసలు పరిచి చూశాడు. నీళ్ళు పోసి తన బూట్లతో అటూ ఇటూ నడిచాడు. జారలేదు. ఆడవాళ్ళు రొట్టెలు పెట్టుకుని తోసుకొచ్చే, పసిపిల్లల పాత తోపుడుబండ్లు ఆ రాయి మీద చప్పుడు లేకుండా దొర్లాయి. రొట్టెలమ్మే లావుపాటి ముకద్దస్ మురిసిపోయింది.

"పట్టు మీద పోతున్నట్టుంది ఉస్తా! నా మొగుడి బండి కూడా ఇంత మెత్తగా నడవదు."

"నీ మొగుడి బండికి చక్రాలెక్కడున్నాయే?" అంది పక్కనున్న సనోబర్.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళు రోజూలాగే దుమ్ము అణగడానికి నేల మీద నీళ్ళు చిలకరించారు. రొట్టెల మీదనుంచి రాలిన పిండి ఆ తడిలో కలిసి సన్నటి జిగురుపొరలా పరుచుకుంది. ముకద్దస్ మెత్తటి చెప్పు దాని మీద పడింది. మనిషి ఒకవైపు, బండి ఒకవైపు. నెమత్ పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నేలమీదే కూర్చుని, వాచిన మణికట్టును ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్క రొట్టె ఏరి ముద్దుపెట్టుకుని నుదుటికి తాకించుకుంటోంది.

నెమత్ వంగి రాయి మీద వేలు రాసి చూశాడు; పిండి జిగురు అంటుకుంది. తాను పోసి చూసింది ఉత్త నీళ్ళు. పిండి సంగతి గుర్తే రాలేదు. రొట్టెలమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషితో కాపురం చేసి, పిండి సంగతి ఎలా మరిచాడు?

"కొన్నాళ్ళు నీళ్ళు చల్లడం మానేస్తే..." అని నసిగాడు.

సనోబర్ చీపురు కింద పడేసింది. "ఏమన్నావ్? రొట్టె ముందు దుమ్ము లేపమంటావా? ఈ మాట ఖోసియత్ విని ఉంటే ఆ పూట నీకు కూడు పెట్టేదా?"

పెట్టేది కాదు. అది అతనికి బాగా తెలుసు.

ఫర్రుఖ్ వచ్చి చూసి, "పళ్ళున్న సుత్తితో పైన గరుకు చెయ్యి, సరిపోతుంది" అన్నాడు. నెమత్ ఒక పలక తీసుకుని కొట్టాడు. దెబ్బ పడ్డచోటల్లా గులాబీరంగు పోయి, సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. సగం పలక దగ్గరే సుత్తి ఆగిపోయింది.

"వద్దు బాబూ," అన్నాడు. "గ్రానైటే పంపించు. మంటతో గరుకు చేసింది. అంచులు మాత్రం సూటిగా కోయించు. సందులు సన్నగా ఉంటేనే వీళ్ళ బండ్లు ఎగిరిపడవు."

చలవరాళ్ళు తీయించి ఒక పక్కన పేర్పించాడు. ఆ సాయంత్రం నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు, ఎప్పుడూ లేచినంత త్వరగా లేవలేకపోయాడు.

గ్రానైటు వచ్చింది. ఇసుక చదును చేసి, ఒక్కొక్క రాయీ పెట్టి కొయ్యసుత్తితో సర్దుతూ వరుస మధ్యకు వచ్చాడు. కట్టు కట్టుకున్న చేత్తో ముకద్దస్ టీ తెచ్చింది.

"ఖోసియత్ కూర్చునేది ఇక్కడే కదూ, నా కుడిపక్కన?"

నెమత్ తల ఎత్తి చూశాడు. పాత తారు లేదు. పందిరి గుంజలు పీకేశారు. దీపస్తంభం జరిపేశారు. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలననుకున్న చోటు, కళ్ళు తెరిచి ఎంత వెతికినా దొరకలేదు.

"నీ పక్కనా?" సనోబర్ అందుకుంది. "నీ వాగుడు పడలేకే కదా ఇటు నా పక్కకొచ్చింది!"

"నీ పక్కకా? నీ రొట్టెల్లో ఉప్పెక్కువని కొనేవాళ్ళకు చెప్పింది ఎవరో తెలుసా నీకు?"

"చెబితే చెప్పింది! ఆ మాట నా మొహాన్నే చెప్పేది, నీలాగా వెనక కాదు. కొనేవాళ్ళతో చిల్లర లేదని అబద్ధమాడి నా దగ్గరే కూర్చుని నవ్వేది."

ఈ కబుర్లేవీ నెమత్ ఎరగడు. ఉప్పు సంగతి, చిల్లర సంగతి ఖోసియత్ ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చేతిలో రాయి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అది పెట్టి సుత్తితో కొడితే ఆ చప్పుడుకు వాళ్ళు ఆగిపోతారేమోనని భయం వేసింది.

మసీదు నుంచి మధ్యాహ్నపు నమాజు పిలుపు వినబడింది. రోజూ అందరికంటే ముందు లేచే నెమత్, ఇంకొక్క మాట వినిపోదామని కదలకుండా ఉండిపోయాడు.