పక్కగదికి కబురు

"నీ మొగుడికి చెప్పు, నా మోకాళ్ళ మందు అయిపోయిందని," అన్నారు అత్తయ్య. ఆ మొగుడుగారు ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నారు. వంటింట్లో గిన్నెలు తోముతున్న నేను సబ్బు చేతులతోనే వచ్చి, "ఏమండీ, అత్తయ్య మందు అయిపోయిందట," అన్నాను. "సాయంత్రం తెస్తానని చెప్పు," అన్నారాయన తలెత్తకుండా. తల్లీకొడుకులకి గొడవా అంటే, అదేం లేదు. అలవాటు, అంతే. మామయ్య ఉన్నన్నాళ్ళూ తండ్రికీ కొడుక్కీ మధ్య ఆవిడే ఈ కబుర్లు మోసేవారట. నేను కాపురానికి రాగానే నాకు అప్పగించేసి హాయిగా కూర్చున్నారు.

ఆఫీసులోనూ నాది ఇదే పని. కాకపోతే అక్కడ జీతమిస్తారు. కాంక్రీటు కలిపి లారీల్లో సైట్లకు పంపే ప్లాంటు మాది. సైటు ఇంజనీర్లకీ, ప్లాంటు వాళ్ళకీ, డ్రైవర్లకీ మధ్య ఫోను పట్టుకుని కూర్చునేది నేను. కలిపిన కాంక్రీటు ఎవరి కోసమూ ఆగదు, అక్కడ పని మొదలుకాకపోతే లారీ డ్రమ్ములోనే రాయైపోతుంది. అందుకే చేరిన కొత్తలోనే ఒక పద్ధతి పెట్టాను. స్లాబు వేసే మనిషే స్వయంగా నాతో "పంపండి" అనాలి. ఆయన చెప్పాడట, ఈయన అన్నాడట అంటే లారీ కదలదు. మొదట్లో "ఈవిడొకతె దొరికింది మన ప్రాణానికి" అని విసుక్కున్నవాళ్ళే ఇప్పుడు ఆ మాట చెప్పిగానీ ఫోను పెట్టరు. నా మాట చెల్లే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. అయినా రోజంతా అంతమందితో మాట్లాడతానా, నువ్వెలా ఉన్నావని అడిగే గొంతు ఒక్కటీ ఉండదు. నా నోట్లో ఎప్పుడూ ఇంకొకరి మాటే నానుతూ ఉంటుంది.

ఆ రోజే మేనేజరుగారు నా బల్ల దగ్గరికి వచ్చి, "మానేస్తున్నావటగా అమ్మా? నీ సీట్లోకి మనిషిని వెతుకుతున్నాను," అన్నారు.

"ఎవరు చెప్పారు సార్?"

"అదేంటి! మీవారే ఫోన్ చేశారు, పెద్దావిడని చూసుకోవాలని. నీకు తెలీదా?"

తెలీదు. ఆ ఇంట్లో మందుబిళ్ళ దగ్గర్నుంచి ప్రతి మాటా నా మీదుగానే పోతుంది. నా ఉద్యోగం ఊడగొట్టే మాట మాత్రం నన్ను దాటేసి నేరుగా వచ్చింది. ఒళ్ళు మండిపోయింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పుకుందామని ఫోను తీశాను. నంబర్లకేం కొదవ లేదు, అన్నీ సైట్లవే. ఫోను కింద పెట్టి మేనేజరుగారి వైపు తిరిగాను.

"సార్, స్లాబు వేసేవాళ్ళు చెప్పకుండా మన లారీ కదులుతుందా?"

"కదలదు," అన్నారాయన.

"మానేస్తానని నేను చెప్పలేదు. చెప్పను కూడా."

"సరేలేమ్మా. నీ పని నువ్వు చూసుకో," అని వెళ్ళిపోయారు.

సాయంత్రం మా ఆయన మందుల పొట్లం తెచ్చి నా ముందు పడేశారు. "మీ మేనేజరు ఫోన్ చేశాడు, నువ్వు మాననన్నావట. నలుగురిలో నా పరువు తీశావు!"

"నా ఉద్యోగం సంగతి అడగాల్సింది నన్నండీ."

ఆయన వంగి బూట్లు విప్పుకున్నారు. "అయితే వెళ్ళి అమ్మతో చెప్పు, నువ్వు మానవని," అన్నారు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పొట్లాన్ని ఆయన వైపు జరిపాను.

"పక్కగదిలోనే ఉన్నారు. మీరే చెప్పండి."

లోపల మంచం కిర్రుమంది. ఇద్దరూ నేను లేస్తానని ఎదురుచూస్తున్నారు. నేను లేవలేదు.